కిటికీ మీద గ్లాసు

"ఆ కట్ట ఇలా ఇవ్వు," అన్నాడు నా కొడుకు. మూడోసారి.

కోడలు ఇవ్వలేదు. ముప్పై ఎనిమిది కాగితాల కట్టను ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. బూట్లు కూడా విప్పలేదు. మధ్యలో నేను, చేతిలో చల్లారిన టీ.

"రేపు పదకొండు గంటలకి కమిటీ. ఆ కాగితం ఎవరు రాశారో చెప్తే సరే. లేదంటే రాజీనామా రాసి తెచ్చుకోమన్నారు. నోటీసు నా చేతే టైపు చేయించారు. తెలుసా నీకు?"

"తప్పుల్లేకుండా కొట్టారా?" అంది కోడలు.

నవ్వు రావలసిన మాట. ఎవరికీ రాలేదు.

వాడు ఆ స్కూల్లోనే ఆఫీసు గుమాస్తా. ఆమె అక్కడే పదో తరగతికి కథలూ పద్యాలూ చెప్తుంది. ఒకే గేటు, రెండు జీతాలు. ఒకటి పోతే రెండోది ఎంతకాలం ఉంటుందో వాడికి తెలుసు. అందుకే భయపడ్డాడు. భయపడ్డ మనిషి గొంతు పెంచుతాడు.

"కమిటీ అధ్యక్షుడి ఇంటి వంటావిడ కూతురు రాసిందని చెప్పెయ్. ఆయన అదే అనుకుంటున్నాడు. అనుకున్నది వింటే శాంతిస్తాడు."

"ఆ పిల్ల రాయలేదు."

"మరెవరు రాశారు?"

"చెప్పను."

"నాకు కూడానా?"

"మీరు ఆఫీసులో పనిచేస్తారు కదా."

ఆ మాట వాడికి చెంపదెబ్బలా తగిలింది. సోఫా చివర కూర్చున్న నా మనవరాలు తల వంచుకుంది. దాన్ని మేం పిచ్చుక అంటాం. రోజంతా ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది. తల్లి క్లాసులోనే చదువుతోంది. ఆ సాయంత్రం దాని నోటి నుంచి ఒక్క మాట రాలేదు. అప్పుడు నేను గమనించలేదు.

గొడవకు మూలం ఒక పాఠం. వాచకంలో ఒక కథ ఉంది. ఒక కూలి మనిషి ఇటుకలు మోసి బడి కడుతుంది. బడి తెరిచిన రోజున గేటు బయట నిలబడుతుంది. ఇదివరకటి మాస్టారు ఆ కథను ఒక్క పీరియడ్‌లో ముగించేవాడట. నీతి బోర్డు మీద రాసి, కిందన నాలుగు మార్కుల ప్రశ్న. కోడలు అలా చెయ్యలేదు. పుస్తకం మూయించి, మీ ఇంట్లో గేటు బయట ఎవరున్నారో చూసి ఒక్క పేజీ రాసుకు రమ్మంది.

మూడు షరతులు పెట్టింది. పేరు రాయకూడదు. చుట్టరికం రాయకూడదు, పెద్దాయన అనో చిన్నావిడ అనో రాయాలి. ఇది తప్పు, ఇది ఒప్పు అని తీర్పు రాయకూడదు. చూసింది రాయాలి, అంతే. ఒకరి పేజీ ఇంకొకరు చదవాలి, అదీ తమదే అన్నట్టు చదవాలి. ఎవరు ఏది రాశారో బయటికి రాదని పిల్లలకు మాట ఇచ్చింది.

అందులో ఒక పేజీలో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన సంగతి ఉందట. స్కూలు కమిటీ అధ్యక్షుడి కొడుకు అదే క్లాసు. వాడు ఇంటికెళ్లి, అచ్చం మన ఇంటి సంగతే చదివారని చెప్పాడు. అధ్యక్షుడికి కలప డిపో ఉంది. ఆయన ఇంట్లో వంటచేసే ఆవిడ కూతురు కూడా ఆ క్లాసే. ఆయన మరి ఆలోచించలేదు. ఆ పూటే వంటావిడను పని మానిపించాడు. నాలుగు రోజులుగా ఆ పిల్ల బడికి రావడం లేదు.

కలప డిపో వాడికి తగిన శాస్తి జరిగిందనుకున్నాను నేను. ఇంట్లో వండి పెట్టే మనిషికి వేరే గ్లాసు పెట్టేవాడు అలాగే బజారున పడాలి అనుకున్నాను. పైకి కూడా అన్నాను.

కోడలు నా వైపు చూసింది.

తర్వాత లేచి, ఆ కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మామయ్యగారూ, రేపు పొద్దున దీన్ని పుస్తకంగా కుట్టి పెడతారా? ఒక్క కాగితం లాగినా తెలిసిపోయేలా."

"ఇంట్లో దొంగలున్నారా?" అన్నాడు కొడుకు.

"లేరనే అనుకుంటున్నాను," అంది.

వాడు బూట్లతోనే లోపలికి వెళ్లిపోయాడు.

*

నేను చదివింది అయిదో తరగతి. పల్లెటూరి బడి, ఒకే గది. తర్వాత ముప్పై రెండేళ్లు అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టాను. కొన్ని వేల పుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి. చదివినవి పది కూడా ఉండవు. కుట్టేవాడు చదువుతూ కూర్చుంటే పని సాగదు. కాగితాలు సరిచెయ్యాలి, రంధ్రాలు పొడవాలి, మైనం రాసిన దారం లాగి ముడెయ్యాలి. లోపల ఏముందన్నది వేరేవాళ్ల పని.

భార్య పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి చేతులు ఊరుకోలేక పాత అచ్చాఫీసు నుంచి కత్తిరింపు కాగితాలు తెచ్చి పిచ్చుకకు చిత్తు పుస్తకాలు కుట్టి ఇస్తున్నాను.

పొద్దున అందరూ బడికి వెళ్లాక వసారాలో చాప వేసుకుని కట్ట విప్పాను. కాగితాలను నేలకు తట్టి అంచులు సరిచేశాను. ఒకటి సరిపడలేదు. వేలెడు పొట్టిగా ఉంది. బయటికి లాగాను.

దాని ఎడమ అంచున అయిదు రంధ్రాలు ఉన్నాయి.

బజారు పుస్తకాలకు పిన్నులు ఉంటాయి. కొందరు మూడు రంధ్రాలతో కుడతారు. అయిదు రంధ్రాలు, మధ్యది కాస్త పైకి, అది నా కుట్టు. నా ఎడమ బొటనవేలు ఒకసారి కటింగు మెషిన్లో నలిగింది. అప్పటి నుంచి మధ్య రంధ్రం పైకే పడుతుంది. ప్రపంచంలో ఇంకెవరికీ అలా పడదు.

చదివాను.

'మా వంటింటి కిటికీ మీద ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. దాని అడుగున ఎర్ర రంగు చుక్క. అంట్లు తోమే ఆవిడ దాంట్లోనే టీ తాగాలి. తాగి, కడిగి, అక్కడే బోర్లించాలి. ఆ గ్లాసు లోపలి అరలోకి రాకూడదు. ఇది పెద్దాయన పెట్టిన నియమం.

పెద్దావిడ ఉన్నప్పుడు, పెద్దాయన ఇంట్లో లేకపోతే తన గ్లాసులో టీ పోసి ఆవిడకి ఇచ్చేది. ఇద్దరూ వెనక గుమ్మంలో కూర్చుని తాగేవాళ్లు. నన్ను వీధి మలుపులో కాపలా పెట్టేవాళ్లు. పెద్దాయన కనపడగానే నేను పరిగెత్తుకొచ్చి చెప్పేదాన్ని. చెప్పుల చప్పుడు గేటు దగ్గరికి వచ్చేసరికి గ్లాసు మారిపోయేది. అది ఆట అనుకున్నాను. ఒక్కసారి కూడా దొరకలేదు.

పెద్దావిడ పోయాక ఆ ఆట లేదు. ఇప్పుడు రోజూ చుక్క గ్లాసే.'

అంతే. తప్పని రాయలేదు. తల్లి వద్దంది కదా.

లేచి వంటింట్లోకి వెళ్లాను. కిటికీ మీద గ్లాసు బోర్లించి ఉంది. చుక్క నేనే పెట్టాను, అచ్చాఫీసు సిరాతో. ఏ రోజు పెట్టానో గుర్తు లేదు. గుర్తు పెట్టుకోవలసిన పని అనిపించలేదు అప్పుడు.

నలభై ఏళ్లు కలిసి కాపురం చేసిన మనిషి నా చెప్పుల చప్పుడుకు గ్లాసు మార్చింది. ఆ సంగతి నాకు తెలియకుండానే పోయింది. ఇప్పుడు కోప్పడదామన్నా లేదు.

కుట్టు పూర్తి చేశాను. చేతులు వాటి పని అవి చేశాయి. పుస్తకం ఒక సంచిలో పెట్టాను. గ్లాసు కూడా పెట్టాను.

*

బడికి వెళ్లేసరికి పదిన్నర. పదో తరగతి కిటికీ వరండాలోకి ఉంటుంది. అక్కడ నిలబడ్డాను. కోడలు పాఠం చెప్తుంటే నేను వినడం అదే మొదలు. ఇంకో అరగంటలో ఉద్యోగం పోబోయే మనిషిలా లేదు. అదే కథ, ఇటుకలు మోసిన మనిషి కథ, మళ్లీ తెరిపించింది.

"కథ మొత్తంలో ఆవిడ ఎన్ని మాటలు మాట్లాడింది? లెక్కపెట్టండి."

పేజీలు తిరిగాయి.

"సున్నా టీచర్," అన్నాడు వెనక బెంచీ వాడు.

"ఎందుకు?"

"సిగ్గేమో టీచర్."

"మూగదేమో," అన్నాడు ఇంకొకడు. నవ్వారు. ఆమె కసరలేదు. నవ్వు అయ్యేదాకా ఆగింది.

"రెండో పేజీలో మేస్త్రీతో గొడవ పడిందని ఉంది. మూగది కాదు. మళ్లీ చూడండి. మేస్త్రీ మాటలు ఉన్నాయా?"

"ఉన్నాయి టీచర్."

"ఇంజనీరువి?"

"ఉన్నాయి."

"బడి తెరవడానికి వచ్చిన పెద్దమనిషివి?"

"ఒకటిన్నర పేజీ టీచర్. పరీక్షలో కూడా వస్తాయి."

"మరి ఆవిడవి ఎందుకు లేవు?"

ముందు బెంచీలో ఒక ఖాళీ. వంటావిడ కూతురి చోటు. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదని తెలుస్తూనే ఉంది. దాని పక్కన కూర్చున్న పిల్ల లేచింది.

"ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు టీచర్. అందుకని మాట రాలేదు."

"అడిగితే ఏమనేది?"

"మనం చెప్పకూడదు కదా టీచర్. ఆవిడే చెప్పాలి."

కోడలు బోర్డు మీద ఏమీ రాయలేదు. బాగా చెప్పావని కూడా అనలేదు. ఆ పిల్లను చూసి తల ఊపింది. ముప్పై ఏడుగురు పిల్లలున్న గదిలో ఆ తల ఊపు చాలింది. నా అయిదో తరగతిలో బెత్తం తప్ప ఇంకేం గుర్తు లేదు. ఇలాంటి క్లాసులో ఒక్క ఏడాది కూర్చుని ఉంటే నా ఇంట్లో ఆ చుక్క పడేది కాదేమో. పడేదేమో కూడా. నా సంగతి నాకు తెలుసు.

గంట కొట్టారు. పిచ్చుక బయటికి వచ్చి నన్ను చూసింది. నా సంచి చూసింది. మొహం తెల్లబోయింది.

"మలుపులో కాపలా కాసేదానివా?" అన్నాను.

తల ఊపింది.

"నానమ్మ భయపడేదా?"

"లేదు తాతయ్యా," అంది. కాస్త ఆగి, "నవ్వేది."

ఆ మాట కోసం నేను సిద్ధంగా లేను.

"లోపల నా సంగతి చెప్తాను. నీ సంగతి కాదు. చెప్పనా?"

అది నా చొక్కా గుండీ చూస్తూ నిలబడింది. చివరికి, "ఊఁ" అంది.

*

హెడ్మాస్టర్ గదిలో ముగ్గురు కమిటీ వాళ్లు. మధ్యలో కలప డిపో ఆయన. మూల టైపు మెషిన్ దగ్గర నా కొడుకు. నన్ను చూసి లేవబోయి కూర్చున్నాడు. కోడలు నిలబడే ఉంది. కుర్చీ ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు.

"మా ఇళ్లల్లోకి గూఢచారుల్ని పంపిస్తారా అమ్మా? పిల్లలకి పాఠం చెప్పమంటే పెద్దల మీద ఫిర్యాదులు రాయిస్తారా?" అంటున్నాడు ఆయన. "ఆ పిల్ల పేరు చెప్పండి. లేదా కాగితాలు పెట్టండి. చేతిరాత మేం చూసుకుంటాం."

"పేరు చెప్పను. మాట ఇచ్చాను. అది మీ ఇంటి గురించి కాదని మాత్రం నాలుగు రోజులుగా చెప్తున్నాను."

"మా ఇంటి గ్లాసు నాకు తెలీదా?"

నేను గ్లాసు తీసి బల్ల మీద బోర్లించాను. చుక్క పైకి కనిపించేలా.

"మీ ఇంటి గ్లాసు సంగతి నాకు తెలీదు," అన్నాను. "ఇది మా ఇంటిది. చుక్క నేను పెట్టాను. ఆ పేజీలో పెద్దాయన నేను."

కలప డిపో ఆయన వైపు తిరిగాను.

"పేజీలో పెద్దావిడ చనిపోయిందని ఉంది. మీ అబ్బాయి అక్కడిదాకా చెప్పినట్టు లేడు. మీ ఆవిడ బాగానే ఉంది కదా?"

ఆయన మొహం ఎర్రబడింది. "ఉంది," అన్నాడు.

"నా భార్య లేదు. మీ ఇంట్లో గ్లాసుందని ఏ పిల్లా రాయలేదు. ఆ సంగతి అందరికీ చాటింది మీరే."

మిగతా ఇద్దరు కమిటీ వాళ్లు బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ క్షణాన వాళ్లు తమ తమ వంటిళ్లు తలుచుకున్నారని నాకు అనుమానం. కోడలు నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

కలప డిపో ఆయన తేలిగ్గా పడే మనిషి కాదు.

"ఇల్లంతా కలిసి నాటకం కట్టారు. రాత్రికి రాత్రి చుక్క పెట్టుకుని వస్తే నమ్మాలా? కోడలి ఉద్యోగం కోసం మామగారు ఏమైనా చెప్తాడు." గ్లాసును వేలితో దూరం జరిపాడు. "మీ ఇంట్లో అంట్లు తోమే మనిషిని తీసుకురండి. సోమవారం, ఇదే టైముకి. ఆ గ్లాసు ఎన్నేళ్లుగా ఉందో ఆవిడ నోటితో చెప్పమనండి. అప్పుడు చూస్తాం."

"చెప్తే వంటావిడ పనిలోకి వస్తుందా? ఆ పిల్ల బడికి వస్తుందా?" అంది కోడలు.

"చెప్పనివ్వండి ముందు."

"రాసుకోండి," అంది కోడలు నా కొడుకుతో. "చెప్తే ఇద్దరూ తిరిగి వస్తారని అధ్యక్షుల వారు అన్నారు."

గదిలో అందరూ వాడి వైపు చూశారు. అధ్యక్షుడు కూడా. వాడు కాగితం మెషిన్లోకి ఎక్కించాడు. టైపు చేశాడు. అది వాడు చేస్తాడని నేను అనుకోలేదు.

గ్లాసు సాక్ష్యమని హెడ్మాస్టర్ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

*

ఇంటికి నడుస్తున్నాం. పిచ్చుకా వాళ్ల నాన్నా ముందు, మేం వెనక.

"తెలిసే నాకు కుట్టమని ఇచ్చావా?" అన్నాను.

"మీరు చదువుతారని అనుకోలేదు మామయ్యగారూ. చదివితే ఏం చేస్తారో అసలు తెలీదు."

"ఇన్నేళ్లు ఆ గ్లాసు చూస్తూ ఒక్క మాట అనలేదేం?"

"అన్నాను. రెండుసార్లు." చెప్పు కిందపడ్డ రాయిని పక్కకు నెట్టింది. "మీరు పేపరు చదువుతున్నారు."

నాకు గుర్తు లేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఆమె ఆ గదిలో నా పేరు ఎత్తలేదు. ఎత్తితే గండం గడిచేది. నా పరువు కోసం కాదు, ఒక పిల్లకు ఇచ్చిన మాట కోసం. నాకెవరైనా ఇలా పాఠం చెప్పి ఉంటే బాగుండేదని అరవై ఎనిమిదేళ్లకు అనిపించింది. ఆలస్యంగా వచ్చిన బుద్ధికి మెచ్చుకోలు అక్కర్లేదు.

నాలుగింటికి అంట్లు తోమే ఆవిడ వచ్చింది. పదకొండేళ్లుగా వస్తోంది. ఆమెను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. 'ఇదిగో' అనేవాణ్ణి.

టీ నేనే పెట్టాను. పంచదార ఎక్కడుందో వెతుక్కున్నాను. అర మీద నుంచి నా భార్య గ్లాసు దించాను. ఆమె పోయాక దాన్ని ఎవరూ వాడలేదు. అందులో పోసి వెనక గుమ్మం మీద పెట్టాను.

అంట్లు తోమే ఆవిడ కిటికీ వైపు చూసింది. అటూ ఇటూ వెతికింది.

"గ్లాసేదండీ?"

"స్కూల్లో ఉంది." జరిగిందంతా చెప్పాను. నాకు ఎక్కువ మాటలు రావు. ఉన్నవాటితోనే చెప్పాను. ఆమె గిన్నెలు ఒక పక్కకు సర్దుతూ వింది. "సోమవారం వచ్చి చెప్పాలి. ఆ గ్లాసు నీదని."

"నాది కాదండీ," అంది. "మీదే. పెట్టింది మీరు కదా."

ఆమె గుమ్మం మీది గ్లాసు వంక చూసింది. గుర్తుపట్టింది.

"అమ్మగారిది."

"ఊఁ. తాగు."

"అమ్మగారు ఇస్తే తాగేదాన్ని. ఆవిడకి నాతో పనేమీ ఉండేది కాదు, కూర్చోవడం తప్ప." కొంగు నడుముకు దోపుకుంది. "మీకు ఇవాళ పని పడింది."

కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వినే ఉంటుంది. ఒప్పించమని నేను ఆమె వైపు చూశాను. ఆమె ఒప్పించలేదు. క్లాసులో నవ్వు అయ్యేదాకా ఆగినట్టే, ఆగింది.

సోమవారం పోయేది ఆమె ఉద్యోగమే. అయినా ఆగింది.

"వంటావిడ కూతురు బడి మానేసిందా?" అంది అంట్లు తోమే ఆవిడ, నన్ను కాదు, ఆమెను.

"నాలుగు రోజులైంది."

"నేను అక్కడికొచ్చి మాట్లాడితే, రేపు నన్ను ఈ వీధిలో ఎవరు పన్లోకి పిలుస్తారమ్మా?"

జవాబు ఉన్నట్టు కోడలు నటించలేదు. "తెలీదు," అంది.

అంట్లు తోమే ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో ఇంకేమీ వినపడలేదు. రేపు ఆదివారం, ఆమె రాదు. గుమ్మం మీద నా భార్య గ్లాసులో టీ మీగడ కట్టింది.

గిన్నెలన్నీ కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆమె గుమ్మం దగ్గరికి వచ్చింది. వంగి ఆ గ్లాసు తీసుకుంది. తాగలేదు, పారబొయ్యనూ లేదు. నా ఎదురుగా పెట్టి, తను కింది మెట్టు మీద కూర్చుంది.

"వేడి చేసుకు రండి," అంది. "రెండు గ్లాసుల్లో పొయ్యండి. ముందు అమ్మగారి సంగతి మీకు ఎంత తెలుసో చెప్పండి. సోమవారం సంగతి తర్వాత."